పన్నెండున్నర నుంచి రెండు దాకా

కలకత్తాలో, బెలేఘాటా బిల్డింగ్ మోడ్ కూడలిలో బస్సెక్కేసరికి పదిన్నరయింది. ఆఫీసుల రద్దీ తగ్గిన వేళ కావడంతో కిటికీ పక్క సీటు దొరికింది. సంతోషపడబోయి నాగేశ్వరి తనను తానే ఆపుకుంది. ఇదివరకు ఈ సీటు దొరికిన రోజున, దిగేదాకా ఎవరూ తనకు ఏ పనీ చెప్పని ఒక గంట దొరికినట్టుండేది. ఇవాళ ఆ గంటే బరువుగా ఉంది. తను వంట చేసే ఇంటి అమ్మాయి సమీర పోయి ఏడు వారాలు. ఆ తర్వాత ఈ బస్సు ఎక్కడం ఇదే మొదలు. న్యూ టౌన్‌లో సమీర వాళ్ల బిల్డింగులోనే నాలుగో అంతస్తులో ఇంకో ఇంట్లో కూడా వంట చేసేది, అదీ మానేసింది. ఎందుకు మానేశావని భర్త పెద్దిరాజు అడిగితే మోకాళ్ల నొప్పులంది. ఆయన పొద్దున్నే మున్సిపాలిటీ చీపురు పట్టుకుని వెళ్లి మధ్యాహ్నానికి వచ్చే మనిషి, మోకాళ్ల నొప్పులంటే ఏంటో తెలుసు, ఇంకేం అడగలేదు. నిన్న సాయంత్రం సమీర భర్త హరీష్ ఫోన్ చేశాడు. ఇల్లు ఖాళీ చేస్తున్నానని, వంటింట్లో ఏం కావాలన్నా తీసుకెళ్లమని. అక్కడితో ఆగితే బాగుండేది. "నిన్నొకటి అడగాలె అక్కా, ఫోన్‌ల కాదు" అని పెట్టేశాడు. ఏం అడుగుతాడు? ఆ ఆదివారం సంగతి తెలిసిపోయిందా? జ్వరం అంతుందని తెలిసీ ఎందుకు చెప్పలేదంటాడా? ఏమని చెప్పాలి, బాబూ నేను మామూలు జ్వరం అనుకున్నాను, మా గుంటలకీ వస్తాయి పోతాయి అనుకున్నాను. ఈ మాట రాత్రి నుంచి నాలుగు రకాలుగా అనుకుని చూసింది. ఏ రకంగా అన్నా అబద్ధంలాగే వినిపించింది.

కండక్టర్ వచ్చి, బెంగాలీలో పిన్నీ అన్నట్టు, "మాషీ, టికెట్టు" అన్నాడు. చిటికెన వేలంత సన్నని కాగితం చేతిలో పెట్టాడు. వానాకాలమంతా ఈ టికెట్లు సమీర దగ్గరే ఉండేవి. పారేయొద్దక్కా, మన పుస్తకాల పేజీల మధ్య పెట్టుకుందామని తీసుకునేది. ఆ పుస్తకాలు అసలు పుస్తకాలు కూడా కావు. సమీర నానమ్మ హన్మకొండలో వారపత్రికల్లోంచి సీరియళ్లు చింపి, దారంతో కుట్టి, పాత చీర ముక్క అట్టలకు అతికించి చేసుకున్న మూడు లావాటి కట్టలు. ముసలావిడ పోయాక చిత్తు కాగితాల వాడికి వేస్తుంటే సమీర లాక్కొచ్చుకుందట. హైదరాబాద్ ఫ్లాట్‌లో, తర్వాత పూణేలో, ఆ తర్వాత ఇక్కడ తొమ్మిదో అంతస్తులో, ఎక్కడికి వెళ్తే అక్కడికి మోసుకెళ్లింది. చదవలేదు. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు బడి, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటే తప్ప రావు. జూన్‌లో ఒకరోజు కుండపోతగా వాన, కింద రోడ్డంతా నీళ్లు, నాలుగో అంతస్తు వాళ్లు ఊళ్లో లేరు, వంటయ్యాక వెళ్లడానికి లేక నాగేశ్వరి అలమర తుడుస్తూ ఒక కట్ట తీసింది. పైపేజీ మీద ఉన్న రెండు వాక్యాలు నోటికి అవే వచ్చేశాయి. పైకే చదివేసింది. వెనక్కి తిరిగితే సమీర గుమ్మంలో నిలబడి ఉంది. "అక్కా, నీకు చదవొస్తదా?" అంది. నాగేశ్వరికి దొంగతనం పట్టుబడినంత సిగ్గేసింది. సమీర ముఖం చూస్తే ఆ అమ్మాయికీ సిగ్గుగానే ఉంది. వచ్చినందుకు ఒకరికి, రానందుకు ఒకరికి.

నాగేశ్వరి చదువు అంటే పలాస దగ్గర అమ్మమ్మ ఊళ్లో ఏడో తరగతి దాకా. కలకత్తాలో నాన్న చీపురు పట్టాడు కాబట్టి కూతురు పట్టకూడదని అక్కడ ఉంచారు. పద్యాలు బాగా చదివేది, మాస్టారు ముందు వరసలో కూర్చోబెట్టేవారు. పెళ్లయి మళ్లీ ఈ ఊరికే వచ్చింది. క్వార్టర్స్‌లో ఒక్క గది, మంచం కింద పిల్లలు, మంచం మీద పిల్లలు, మూలన టీవీ. పిల్లలకు తెలుగు మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం రాదు. ముప్పై ఏళ్లలో తెలుగులో చదివింది ఏమిటంటే పెళ్లి శుభలేఖలు, ఊరి నుంచి వచ్చిన కారం పొట్లం మీద కాగితం. ఆ కాగితాన్ని మడతలు విప్పి చదువుతుంటే పెద్దిరాజు నవ్వేవాడు, అందులో ఏటుందే అని. ఏటీ లేదు. ఎవరో ఎవరికో మునగ చెట్టు కొట్టేయొద్దని రాసిన ఉత్తరం ముక్క. అయినా రెండుసార్లు చదివింది.

బస్సు చింగ్రిఘాటా దగ్గర ఆగిపోయింది. ఎప్పుడూ ఆగేదే, పైన మెట్రో స్తంభాలు, కింద కార్లు. ఇలా ఇరుక్కుపోయిన రోజుల్లో ఆలస్యంగా వెళ్తే సమీర కోప్పడేది కాదు, బియ్యం కడిగి ఉంచేది. వాన రోజుతో మొదలై అది అలవాటైపోయింది. పదకొండున్నరకు వెళ్లి వంట మొదలుపెడితే పన్నెండున్నరకు అయిపోయేది, రెండింటికి నాలుగో అంతస్తు. ఈ మధ్యలో గంటన్నర. వంటింటి గట్టుకి ఆనుకుని నేల మీదే కూర్చునేవాళ్లు, అక్కడికే బాల్కనీ తలుపులోంచి గాలి వచ్చేది. తను చదివేది, సమీర బరబటీ అనే అలసంద కాయలు తుంచుతూనో, ఏమీ చెయ్యకుండా మోకాళ్లు కౌగిలించుకునో వినేది. మొదట్లో తనకే గొంతు తడబడేది. ఒత్తులు పలికేసరికి నాలుక మందంగా ఉండేది. పది రోజులకు బడి రోజుల గొంతు తిరిగొచ్చింది. ఒకసారి సమీర "అక్కా, ఆ గంజు ఇట్లియ్యి" అంటే గంజి వార్చలేదే అని కంగారు పడింది, తీరా చూస్తే ఆ అమ్మాయి అడిగింది గిన్నె. ఇంకోసారి తను మా గుంటకి జ్వరం అంటే "గుంతకు జ్వరమేంది?" అని సమీర అడిగింది, గుంట అంటే పిల్ల అని చెప్పాక కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు కిటికీ అద్దానికి తల ఆనించుకుంటే ఇప్పుడూ వినిపిస్తోంది, పక్కన హారన్లు మోగుతున్నా వినిపిస్తోంది. వినిపించకపోతే బాగుండు.

ఎంత చిన్న వాటికి సంతోషపడేది. క్వార్టర్స్ డాబా మీద రంగు డబ్బాల్లో నాగేశ్వరి గోంగూర పెంచేది. ఒకరోజు చీర కొంగులో కట్టుకుని తెస్తే ఆ కట్ట ముఖానికి పెట్టుకుని సమీర చాలాసేపు అలాగే ఉండిపోయింది. తొమ్మిదేళ్లు ఉద్యోగం చేసిందట, అన్నం ఎప్పుడూ కంప్యూటర్ ముందే. పూణేలో ఉన్నప్పుడే ఆ కంపెనీ వాళ్లు చాలామందితో పాటు ఉద్యోగంలోంచి పంపించేశారు. "వేడన్నం వేడిగ తినుడు మర్చిపోయిన అక్కా" అనేది. తిన్న కంచం తనే కడుక్కుని బోర్లించి, దాని మీంచి నీళ్లు జారడం చూసేది. దూరంగా చెరువుల్లో వలలు వేసేవాళ్లు కనిపిస్తే కథ ఆపమని వాళ్లను చూసేది. కొత్త సామాన్లు ఏవీ కొనేది కాదు, ఉన్నవే ఎవరికైనా ఇచ్చేసేది. నాగేశ్వరికి ఇవి మొదట అర్థం కాలేదు. తమకు తప్పక లేనివి, ఈ అమ్మాయి కావాలని లేకుండా చేసుకుంటోందేమిటి అనుకుంది. తర్వాత్తర్వాత తనకూ అంటుకుంది. బస్సులో కిటికీ సీటు, నీళ్ల మీంచి గాలి, పన్నెండున్నర. పొద్దున్నే నిద్ర లేవగానే ఇవాళ పన్నెండున్నర ఉంది కదా అనిపించేది. యాభై రెండేళ్ల వయసులో.

హరీష్‌కి ఇదేం తెలీదు. భార్యకు ఉద్యోగం పోయి, తెలియని ఊళ్లో తలుపులు వేసుకుని కూర్చుంటోందని అతనికి దిగులు. ఏదో ఆన్‌లైన్ కోర్సులో చేర్పించాడు, అది చేస్తే మళ్లీ ఉద్యోగం వస్తుందని. సమీర లాప్‌టాప్ తెరిచి, అందులో మాస్టారు మాట్లాడుతుంటే గొంతు తగ్గించి గట్టు మీద పెట్టి, "నువ్వు చదువక్కా, ఆయన చదువు ఆయన చదువుకుంటడు" అనేది. కొన్నాళ్లకు తెరవడం కూడా మానేసింది. చెప్పొచ్చు కదమ్మా బాబుకి, అని ఒకసారి అంది నాగేశ్వరి. చెప్తా, కొంచెం రోజులు కానీ, నేను బాగున్ననని చెప్తే తను నమ్మడక్కా, అంది సమీర. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఎత్తాల్సింది.

నిక్కో పార్కు దాటింది బస్సు. నవంబర్ మొదట్లో ఒక గురువారం సమీర ఒళ్లు వెచ్చగా ఉందంది. శుక్రవారం నాగేశ్వరి మిరియాల చారు పెట్టింది, సమీర సగం గ్లాసు తాగింది. హరీష్ ఆఫీసు పని మీద పూణే వెళ్లాడు, చెప్పనా అంటే వద్దంది. శనివారం కళ్లు ఎర్రగా, ఎముకలు నొప్పులని ముడుచుకుని పడుకుంది. అప్పుడైనా ఫోన్ చెయ్యాల్సింది, నంబర్ ఉంది కదా. మాత్ర ఇచ్చి, కాళ్లు ఒత్తి, దుప్పటి కప్పి, రెండింటికి నాలుగో అంతస్తుకి వెళ్లిపోయింది. ఆదివారం తనకు సెలవు. మధ్యాహ్నం సమీరే ఫోన్ చేసింది. గొంతు ఎక్కడో లోపలి నుంచి వస్తోంది. "అక్కా, ఒక్కసారి వచ్చి ఆ రాజ్యం కథ కొంచెం చదివి పోరాదూ" అంది. రాజ్యం అంటే అప్పుడు చదువుతున్న సీరియల్లో ఆవిడ. నాగేశ్వరి బట్టలు నానబెట్టి ఉంది. కుళాయిలో నీళ్లు పోయే టైము. రేపొస్తాను కదమ్మా, పడుకోండి, అంది. సరే అక్కా, అంది సమీర. అంతే. ఆ సాయంత్రం హరీష్ వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్లాడట. సోమవారం వెళ్తే తలుపుకి తాళం. డెంగీ అని, ప్లేట్‌లెట్లు అని గార్డు చెప్పాడు. ఆస్పత్రికి వెళ్లి కింద హాల్లో నిలబడింది. పేషెంటుకి నువ్వేమవుతావని కౌంటర్‌లో అమ్మాయి బెంగాలీలో అడిగింది. ఏమవుతుంది? వంట చేస్తానంది. పైకి పంపలేదు. గురువారం పోయింది. హరీష్ వాళ్ల ఊరికి తీసుకెళ్లిపోయాడు. నాగేశ్వరి ఆ రోజు ఇంటికొచ్చి నానబెట్టిన పప్పు రుబ్బింది, పెద్దిరాజుకి అట్లు పోసింది. వంట చేసే ఇంట్లో అమ్మాయి పోయిందంటే అయ్యో పాపం అన్నాడు ఆయన. పక్కింటి వాళ్లూ అన్నారు. వేరే ఇల్లు చూసుకోవాలి మరి, అన్నారు.

నార్కెల్‌బాగాన్‌లో దిగింది. నడుస్తుంటే కాళ్లు వాటంతట అవే దారి పట్టాయి. లిఫ్టులో అద్దం ఎదురుగా నిలబడాల్సి వచ్చి తల దించుకుంది. చెప్పేస్తాను, అడగకముందే చెప్పేస్తాను, రమ్మంటే రాలేదు బాబూ అని.

హరీష్ తలుపు తీశాడు. గడ్డం పెరిగి, మనిషి సగమయ్యాడు. హాలంతా అట్టపెట్టెలు. కూర్చోమని కుర్చీ జరిపాడు, నాగేశ్వరి కూర్చోలేదు. నోరు తెరవబోయేసరికి అతనే లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టాడు. సమీర లాప్‌టాప్. ఆ కోర్సు తెరిచి చూశానని, నాలుగు నెలల్లో నాలుగు పాఠాలు కూడా వినలేదని, తనతో మాత్రం రోజూ వింటున్నానని చెప్పేదని అన్నాడు. ఇంటికొచ్చి అడిగితే బాగా జరుగుతోందనేదట. అది దాచిందంటే ఇంకేం దాచిందో, లోపల ఎంత కుమిలిపోయిందో, తను ఆఫీసు ఆఫీసు అంటూ గమనించలేదని ఏడు వారాలుగా నిద్ర పట్టడం లేదన్నాడు. పగటిపూట ఆమెను చూసిన మనిషివి నువ్వొక్కదానివే అన్నాడు.

"సమీర ఏం చేస్తుండె అక్కా? ఏడుస్తుండెనా?"

నాగేశ్వరి రాత్రంతా సిద్ధం చేసుకున్న జవాబుల్లో దీనికి ఒక్కటీ పనికిరాలేదు.

"ఏడవనేదు బాబూ. నవ్వీది," అంది. "పుస్తకం సదువుకునీవోళ్లం. నేను సదివీదాన్ని, అమ్మ వినీది. రోజూ, పన్నెండున్నర కాణ్నుంచి రెండు దాకా."

అతనికి అర్థం కాలేదు. నాగేశ్వరి వంటింట్లోకి తీసుకెళ్లి గట్టు పక్కన నేల చూపించింది. ఎక్కడ కూర్చునేవాళ్లో, ఎటు తిరిగి కూర్చునేదో, గోంగూర సంగతి, గంజు సంగతి, కంచం బోర్లించి నీళ్లు చూడ్డం, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చేశాయి. ఇంతసేపు మాట్లాడటం తనకే కొత్త. చెప్తుంటే అతని ముఖం తేలికపడుతుందనుకుంది. పడలేదు. ఇంకా ముడుచుకుపోయింది. గట్టు పట్టుకుని నిలబడి నెమ్మదిగా అన్నాడు, అయితే అంత సంతోషంగా ఉన్న మనిషి నేను ఇంటికొచ్చాక ఎక్కడికి పోయేది, ఆ సంతోషంలో నేనే లేనన్నమాట, అని.

దీనికి అబద్ధం చెప్పొచ్చు. మీ గురించే చెప్పేదని అనొచ్చు. కానీ సమీర అతని గురించి పెద్దగా మాట్లాడేది కాదు, ఆ గంటన్నరలో ఎవరి గురించీ మాట్లాడేది కాదు. నాగేశ్వరి ఆ అబద్ధం ఆడలేదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, రాజ్యం కథ అయితే అమ్మకి చాలా ఇష్టం, ఆ కట్ట ఇంకా అవలేదు, అంది.

హరీష్ తలెత్తాడు. "ఏ రాజ్యం?"

"రైల్వే గేటు పక్కన టీకొట్టు పెట్టుకుంటాది కదా, ఆవిడ. సీరియల్లో."

"తమ్ముడు మిలిటరీల ఉంటడు. గేట్‌మన్ రోజూ వచ్చి పైసలియ్యక చాయ్ తాగిపోతడు."

"అవును బాబూ. మీకెలాగ తెల్సు?"

అతను అక్కడే, ఫ్రిజ్‌కి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. రాత్రి తినేటప్పుడు సమీర చెప్పేదట, ఇవాళ రాజ్యం ఇట్ల చేసింది, అట్లన్నది అని. వాళ్ల నానమ్మ ఊళ్లో ఎవరో మనిషనుకున్నాడట, ఇంటి నుంచి ఫోన్లో చెప్తున్నారేమో అనుకున్నాడట. ఒక చేత్తో ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టేవాడట. ఒక్కసారి మాత్రం, ఆ గేట్‌మన్‌కి బుద్ధి చెప్పిందా లేదా అని అడిగితే, సమీర ఎంత సంబరపడిందో, మళ్లీ మొదటి నుంచి మొత్తం చెప్పిందట. ఎవరో తెలియని ఆమె గురించి ఇంత చెప్తుందేంది అనుకున్న అక్కా, అన్నాడు. మోచేతిలో ముఖం పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. నాగేశ్వరి గట్టుకి ఆనుకుని నిలబడే ఉంది. ఆ ఆదివారం మాట అప్పుడు చెప్పింది. రమ్మంది బాబూ, బట్టలు నానబెట్టానని రాలేదు, అంది. అతను తల ఎత్తకుండానే విన్నాడు. నన్నూ ఆదివారం పొద్దున ఫ్లైటుకే రమ్మన్నది, సాయంత్రం ఫ్లైటుకొచ్చిన, అన్నాడు.

బయట ఎక్కడో డ్రిల్లింగ్ మిషన్ చప్పుడు. తర్వాత హరీష్ లేచి ముఖం కడుక్కుని, ఒక పెట్టెకు వేసిన టేపు చింపి, చీర ముక్క అట్టలున్న మూడు కట్టలూ తీసుకొచ్చాడు. రాజ్యం ఏమైందని అడిగాడు. తెలీదు, ఇంకా నలభై పేజీలుంది, అంది నాగేశ్వరి. మిలిటరీ నుంచి ఉత్తరం వచ్చింది, గేటు పడి ఉంది, పోస్ట్‌మన్ పట్టాలకి అవతల ఆగి ఉన్నాడు, అక్కడ ఆపాం. అతను కట్ట ఆమె చేతికిచ్చి మళ్లీ నేల మీద కూర్చున్నాడు.

నాగేశ్వరి మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని పెట్టుకుంది. పేజీ దొరికింది. గూడ్సు బండి నెమ్మదిగా వెళ్తోంది, అని మొదలుపెట్టింది. ఒక్కో పెట్టే దాటుతుంటే పెట్టెల సందుల్లోంచి పోస్ట్‌మన్ ఖాకీ చొక్కా కనిపిస్తోంది, మళ్లీ కనిపించడం లేదు, రాజ్యం పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూడటం లేదు. అక్కడ ఆగిపోయింది. దగ్గి, మళ్లీ అదే వాక్యం చదవబోయింది. రాలేదు. అక్షరాలన్నీ కలిసిపోయాయి. కళ్లజోడు కిందికి జారింది. చూస్తుండగానే ఒళ్లో కాగితం మీద చుక్కలు పడ్డాయి, ముసలావిడ అంత జాగ్రత్తగా కుట్టిన కాగితం పాడవుతుందని అరచేతితో తుడిచింది, తుడిచిన కొద్దీ పడుతున్నాయి. ఏడు వారాల్లో కన్నీళ్లు రావడం ఇదే. ఆస్పత్రి హాల్లో రాలేదు, ఇంట్లో రాలేదు.

హరీష్ ముందుకు వంగి కట్టను ఆమె ఒళ్లోంచి తీసి పొడిగా ఉన్న చోట పెట్టాడు.

"నువ్వెట్లున్నవ్ అక్కా?" అని అడిగాడు.

నాగేశ్వరి బాగానే ఉన్నాను అనబోయి, అనలేక తల అడ్డంగా ఊపింది. కొంగుతో ముఖమంతా తుడుచుకుంది. కట్ట కోసం చెయ్యి చాపింది, సదవనా బాబూ, అని.

"చదువు," అన్నాడు. "తొందరేం లేదు."